అమెరికాలో ఎమ్మెస్: రిక్రియేషన్, హెల్త్, అథ్లెటిక్స్ ఫీజులు దేనికి, వాటిని ఎలా వాడుకోవాలి?

మీరు ఆగస్టులో టెక్సస్‌లోని ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్‌కు చేరుతున్నారు. ఫీజుల పట్టికలో ట్యూషన్ కాక రిక్రియేషన్, మెడికల్ సర్వీసెస్, అథ్లెటిక్స్ అనే పద్దులు కనిపించాయి. ఆటల అలవాటు లేదు కాబట్టి వాటిని తీసేయించుకోవచ్చా, వీలుకాకపోతే వాటివల్ల ఒరిగేదేమిటి అని అడిగారు. నేను ఆ రాష్ట్రంలోనే ఎమ్మెస్ చదివాను. చదువు సాగినంతకాలం అక్కడి రిక్రియేషన్ సెంటర్‌లో పార్ట్‌టైమ్ ఉద్యోగం కూడా చేశాను కనుక రెండు వైపుల నుంచీ చూసినది చెబుతాను.

మినహాయింపు సంగతి త్వరగా తేలిపోతుంది. ప్రాంగణానికి వచ్చి చదివే విద్యార్థులకు ఈ ఫీజులు సాధారణంగా తప్పవు. పూర్తిగా ఆన్‌లైన్‌లో చదివేవారికి కొన్నిచోట్ల కొన్ని పద్దులు తగ్గిస్తారు గాని, ఎఫ్-1 అనే విద్యార్థి వీసాపై వెళ్లేవారు ఆ కోవలోకి రారు. ఆరోగ్య బీమా ఒక్కటే ఇందుకు వేరు. తాము నిర్ణయించిన ప్రమాణాలకు సరిపోయే బీమా వేరే ఉందని చూపితే తమ బీమాను రద్దు చేసే విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. అయితే అందుకు గడువు సెమిస్టర్ తొలి వారాలలోనే ముగుస్తుంది. చవకగా దొరుకుతుందని తీసుకునే కొన్ని పాలసీలలో అంతకుముందే ఉన్న జబ్బులకు ఏమీ రాదు, కాబట్టి షరతులు చదవకుండా ఆ పనికి పూనుకోవద్దు.

ఈ పద్దులలో మీకు నేరుగా అతి తక్కువ ఉపయోగపడేది అథ్లెటిక్స్ ఫీజు. అది మీరు ఆడుకోవడానికి కాదు, విశ్వవిద్యాలయం పేరు మీద ఆడే జట్ల పోషణకు. ఆ జట్లలో అత్యధికం 1906లో పుట్టిన ఎన్‌సీఏఏ అనే సంస్థ నియమాల కింద మూడు డివిజన్లుగా పోటీపడతాయి. మొదటి రెండింటిలో ఆట పేరిట స్కాలర్‌షిప్‌లు ఉంటాయి, మూడవదానిలో ఉండవు. ఫుట్‌బాల్‌లో (అక్కడ ఆ మాటకు అర్థం అమెరికన్ ఫుట్‌బాల్, మన ఫుట్‌బాల్‌ను సాకర్ అంటారు) పేరుమోసిన పెద్ద విశ్వవిద్యాలయాలు టీవీ హక్కులు, టికెట్లు, విరాళాల మీద ఈ విభాగాన్ని నడుపుకుంటాయి, అంతటి రాబడి లేనివి విద్యార్థుల ఫీజు మీద ఎక్కువగా ఆధారపడతాయి. 2025 జూన్‌లో న్యాయస్థానం ఆమోదించిన ఒక రాజీ ఒప్పందంతో మొదటి డివిజన్ విశ్వవిద్యాలయాలు తమ క్రీడాకారులకు నేరుగా డబ్బు చెల్లించే వీలు కలిగింది. 2025-26 సంవత్సరానికి ఒక్కో విశ్వవిద్యాలయం పంచగలిగిన గరిష్ఠ మొత్తం సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లు. ఇంత పెద్ద వ్యాపారానికి హైదరాబాద్‌లో అప్పు తెచ్చుకుని వెళ్లిన విద్యార్థి చందా ఎందుకివ్వాలని మీరు అడిగితే నా దగ్గర మంచి సమాధానం లేదు. ఇచ్చిన డబ్బుకు మ్యాచ్‌లైనా చూడండి. ఫుట్‌బాల్‌కు చాలాచోట్ల విద్యార్థులు కూడా విడిగా పాస్ కొనవలసి వస్తుంది గాని, వాలీబాల్, సాకర్ వంటివాటికి చాలాచోట్ల ఐడీ కార్డు చూపితే లోపలికి పంపుతారు. ఖమ్మం దగ్గర పల్లెలో సంక్రాంతికి జరిగే వాలీబాల్ పోటీలు చూస్తూ పెరిగిన నాకు, మహిళల వాలీబాల్‌కు అక్కడ ఉన్న ఆదరణ నమ్మశక్యం కాలేదు. నెబ్రాస్కా విశ్వవిద్యాలయం 2023 ఆగస్టు 30న తన ఫుట్‌బాల్ స్టేడియంలోనే ఒక మహిళల వాలీబాల్ మ్యాచ్ ఏర్పాటు చేస్తే 92,003 మంది వచ్చారు. ప్రభుత్వ నిధులు పొందే విద్యాసంస్థలు స్త్రీపురుష భేదం చూపకూడదని 1972లో వచ్చిన టైటిల్ నైన్ చట్టం లేకపోతే ఆ మైదానం దాకా ఆ ఆట వచ్చేది కాదని నా అభిప్రాయం.

మీకు అసలు పనికివచ్చేది రిక్రియేషన్ ఫీజు. దీనిని అథ్లెటిక్స్‌తో కలిపి చూడడం వల్లనే మనవాళ్లు చాలామంది ఆ భవనం గుమ్మం తొక్కరు. అందుకు కారణం కూడా మన దగ్గరే ఉంది. ఇంటర్మీడియట్ రెండేళ్లు ఆటస్థలమే లేని బహుళ అంతస్తుల భవనంలో గడిపి, ఆ తర్వాత బీటెక్‌లో ఆటలంటే పీడీ సార్ ఎంపిక చేసిన పదిహేను మందికి సంబంధించిన వ్యవహారమనీ, మిగిలినవారు గ్యాలరీలో కూర్చుని ఈలలు వేయాలనీ అలవాటుపడినవారికి, చేతకానివాడి కోసమే కట్టిన జిమ్ ఒకటి ఉంటుందని తోచదు. అక్కడ మాత్రం విభాగం ఏర్పడిందే ఆ మిగిలినవారి కోసం. విశ్వవిద్యాలయపు జట్టులో చోటు దొరకని విద్యార్థులు తమలో తాము ఆడుకునే ఇంట్రామ్యూరల్ పోటీలకు మిషిగన్, ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయాలు 1913లోనే ప్రత్యేక విభాగాలు పెట్టాయి. 1950లో న్యూ ఆర్లీన్స్‌లోని డిల్లార్డ్ విశ్వవిద్యాలయంలో విలియం వాసన్ అనే ఆయన చొరవతో, నల్లజాతివారి కోసం ఏర్పడిన పదకొండు కళాశాలల ప్రతినిధులు కలిసి స్థాపించిన సంఘమే నేడు అమెరికా అంతటా ఈ రంగానికి పెద్ద దిక్కుగా ఉన్న నిర్సా.

ఇంట్రామ్యూరల్ పోటీలు నడిచే తీరు తెలిస్తే భయం తగ్గుతుంది. సెమిస్టర్ మొదట్లో వాలీబాల్, సాకర్, బాస్కెట్‌బాల్, ఫ్లాగ్ ఫుట్‌బాల్ వంటి ఆటలకు నమోదు తెరుస్తారు. పురుషులకు, స్త్రీలకు, ఇద్దరూ కలిసి ఆడే కో-రెక్ జట్లకు వేర్వేరు లీగులు ఉంటాయి, వాటిలో మళ్లీ గట్టిగా ఆడేవారికి ఒక స్థాయి, సరదాకు వచ్చేవారికి మరొక స్థాయి. జట్టు లేనివారు ఫ్రీ ఏజెంట్‌గా పేరు ఇస్తే మనుషులు తక్కువపడిన జట్టు కెప్టెన్ పిలుస్తాడు. కో-రెక్ జట్లకు ఆడపిల్లలు ఎప్పుడూ తక్కువే కాబట్టి ఆ జాబితాలో పేరు రాసుకున్న అమ్మాయికి పిలుపు రాకపోవడం నేను చూడలేదు. కొన్ని వారాల లీగ్ తర్వాత ప్లేఆఫ్‌లు, గెలిచినవారికి ఒక టీషర్టు, అంతే. ఆ టీషర్టు కోసం పీహెచ్‌డీ నాలుగో ఏడాది విద్యార్థులు సైతం మా రిఫరీలతో చేసిన వాదనలు వింటే మీకు నవ్వొస్తుంది. గుర్తుంచుకోవలసిన నియమం ఒకటే. చెప్పాపెట్టకుండా జట్టు రాకపోతే ఫర్‌ఫీట్ కింద జరిమానా వేస్తారు. మనవాళ్ల జట్లు ఆటలో కంటే అసైన్‌మెంట్ గడువు రోజున ఇక్కడే ఎక్కువగా ఓడిపోతుంటాయి.

ఉద్యోగం మాట కూడా ఇక్కడే చెప్పాలి. ఎఫ్-1 విద్యార్థులు తరగతులు జరిగే కాలంలో ప్రాంగణంలోనే వారానికి 20 గంటల వరకు పనిచేయవచ్చు, మొదటి ఏడాది బయట చేయడానికి మాత్రం సాధారణంగా వీలులేదు. మనవాళ్లంతా భోజనశాలకు, గ్రంథాలయానికి, టీచింగ్ అసిస్టెంట్ పోస్టులకు దరఖాస్తు పెట్టి వరుసలో నిలబడతారు. రిక్రియేషన్ సెంటర్ అంతకు తీసిపోకుండా విద్యార్థులను పనిలోకి తీసుకునే చోటు. ముందు బల్ల దగ్గర కార్డులు స్కాన్ చేయడం, బంతులు రాకెట్లు అరువివ్వడం, స్కోరు రాయడం, రిఫరీగా నిలబడడం వంటి పనులకు శిక్షణ వారే ఇస్తారు, గుండె ఆగినప్పుడు చేసే సీపీఆర్ కూడా నేర్పిస్తారు. వాలీబాల్ తెలుసునని తీసుకున్న నన్ను ఆ నెలలోనే ఫ్లాగ్ ఫుట్‌బాల్ మైదానానికి పంపారు. ఎదుటివాడిని కిందపడేయకుండా నడుముకు కట్టిన జెండాను లాగే ఆట అది. నా కంటే రెండడుగులు ఎత్తున్నవాళ్లు చుట్టూ చేరి అరుస్తుంటే విజిల్ ఊది నిర్ణయం చెప్పి, ఇక మాట్లాడకండి అనడం అక్కడే నేర్చుకున్నాను. ఉద్యోగాల ఇంటర్వ్యూలలో నా థీసిస్ గురించి అడిగినవారి కంటే ఆ పని గురించి అడిగినవారే ఎక్కువ.

పోటీలు వద్దనుకుంటే ఓపెన్ ప్లే వేళలు చూసుకోండి. వారంలో కొన్ని సాయంత్రాలు జిమ్‌లో షటిల్ నెట్‌లు కడతారు. అక్కడ తెలుగువాళ్లు, తమిళులు, చైనా, ఇండొనేషియా విద్యార్థులు కలుస్తారు, ఓడినవారు పక్కకు జరిగి వరుసలో ఉన్నవారికి చోటివ్వాలి. బరువుల గదిలో ఎత్తిన ప్లేట్లు తిరిగి స్థానంలో పెట్టడం, కూర్చున్న బెంచీ తుడవడం తప్పనిసరి మర్యాద. ఈతకొలనులో నూలు బట్టలతో దిగనివ్వరు, కానీ పొడుగు చేతులున్న ఈత దుస్తులు వేసుకోవచ్చు కాబట్టి ఆ మొహమాటంతో ఆగిపోయిన అమ్మాయిలు ఆగనక్కర్లేదు. ఈత పాఠాలకు మాత్రం విడిగా కొంత రుసుము ఉంటుంది. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో టెక్సస్ ఎండ మన కొత్తగూడెం ఎండకు తీసిపోదు, బయట పరుగెత్తే ఆలోచన మానుకుని లోపలి ట్రాక్ మీద నడవండి. పెద్దలకు వారానికి 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం, రెండు రోజులు కండరాలకు పని అని అమెరికా ఆరోగ్యశాఖ మార్గదర్శకాలు చెబుతాయి. తరగతి గదుల నుంచి బస్‌స్టాప్‌కు వెళ్లే దారిలోనే భవనం ఉంటే అది కష్టమేమీ కాదు.

క్రికెట్ గురించి అడగలేదు గాని, వెళ్లిన వారంలోనే మిమ్మల్ని ఎవరో ఒకరు పార్కింగ్ స్థలంలో టేప్ బాల్ ఆటకు పిలుస్తారు. వెళ్లండి, మొదటి నెలల ఒంటరితనానికి అది మంచి మందు. అయితే అదే అపార్ట్‌మెంట్, అదే వంట, అదే వాట్సాప్ గుంపు, అదే ఆట అయితే రెండేళ్ల తర్వాత కూడా తరగతిలో పక్కన కూర్చునే అమెరికన్ విద్యార్థి పేరు తెలియని పరిస్థితి వస్తుంది. దానికి విరుగుడుగా ఒక్క ఇంట్రామ్యూరల్ జట్టు సరిపోతుందని నా అనుభవం.

మెడికల్ సర్వీసెస్ ఫీజుకూ బీమాకూ తేడా చాలామందికి తెలియదు. ఫీజు కట్టినందువల్ల ప్రాంగణంలోని క్లినిక్‌లో డాక్టరును ఉచితంగానో తక్కువ ఖర్చుతోనో చూడవచ్చు. బయటి ఆసుపత్రి ఖర్చుకు బీమా వర్తిస్తుంది, అదీ డిడక్టబుల్ అనే మొత్తం మీరు భరించాకనే చాలావరకు మొదలవుతుంది. కాబట్టి ప్రాణాపాయం కానప్పుడు నేరుగా ఎమర్జెన్సీకి పరుగెత్తకుండా ముందు క్లినిక్‌కు ఫోన్ చేయండి.

కౌన్సెలింగ్ కేంద్రం విషయంలో కాస్త విస్తరంగా చెప్పాలి, ఎందుకంటే అది అవసరమైనవారే దానికి దూరంగా ఉంటారు. అప్పు, ఇంటర్న్‌షిప్ దొరకకపోవడం, ఇంటి దగ్గర ఎవరికో అనారోగ్యం, ఇవన్నీ మొదటి సెమిస్టర్ చివరికి ఒక్కసారిగా మీద పడతాయి. వెళితే వీసాకు ఇబ్బందనీ, నాన్నగారికి తెలిసిపోతుందనీ నా చుట్టూ ఉన్నవారు భయపడేవారు. మీకు గాని మరొకరికి గాని ప్రాణహాని ఉందనిపించడం వంటి కొన్ని పరిస్థితులలో తప్ప అక్కడ చెప్పిన మాట మీ అనుమతి లేకుండా బయటికి పోదు. పద్దెనిమిదేళ్లు నిండిన మీ సంగతులు తల్లిదండ్రులకు చెప్పరు. కౌన్సెలర్‌ను కలిసినంత మాత్రాన మీ విద్యార్థి హోదాకు ఆధారమైన ఐ-20 పత్రానికి ఏమీ కాదు. పైగా చదువు మోయలేని స్థితి నిజంగా వస్తే కోర్సుల సంఖ్య తగ్గించుకునే చట్టబద్ధమైన మార్గం ఉంది. వైద్యుడు లేదా లైసెన్సు ఉన్న క్లినికల్ సైకాలజిస్టు ఇచ్చిన లేఖతో డీఎస్‌ఓ, అంటే విదేశీ విద్యార్థుల హోదా వ్యవహారాలు చూసే విశ్వవిద్యాలయ అధికారి అనుమతిస్తే, ఒక డిగ్రీ స్థాయిలో మొత్తం మీద 12 నెలల వరకు తక్కువ కోర్సులతో, అవసరమైతే అసలు కోర్సులే లేకుండా ఎఫ్-1 హోదా నిలుపుకోవచ్చు. అనుమతి ముందు, కోర్సు వదలడం తర్వాత. ఈ వరుస తారుమారైతే హోదాకే ముప్పు. ఆ లేఖ తెచ్చుకోవడానికి కూడా దారి ఎక్కువగా ఈ కేంద్రం మీదుగానే ఉంటుంది. ఇక్కడ ఒక పరిమితి ఉంది. చాలా కేంద్రాలు విడి సమావేశాలు కొన్నింటిని మాత్రమే ఇచ్చి, ఆ తర్వాత బయటివారి దగ్గరకు పంపుతాయి. మిడ్‌టర్మ్‌ల సమయంలో వేచి ఉండవలసి కూడా వస్తుంది, అందుకే ఇబ్బంది చిన్నదిగా ఉన్నప్పుడే వెళ్లడం నయం. ఏ రాత్రయినా తట్టుకోలేని స్థితి వస్తే ఆత్మహత్య ఆలోచనలు, మానసిక సంక్షోభం వంటివి ఎదురైనవారికి సాయం చేసే 988 నంబరుకు ఫోన్ చేయవచ్చు, మెసేజ్ కూడా పంపవచ్చు. అది 2022 జూలై నుంచి దేశమంతటా పనిచేస్తోంది.

బయలుదేరే లోపు చేయవలసినవి కొన్ని ఉన్నాయి. మీకు 22 ఏళ్లు నిండకపోతే టెక్సస్ చట్టం ప్రకారం మెనింజైటిస్ టీకా తప్పనిసరి, అది గత ఐదేళ్లలోపు వేయించుకున్నదై, సెమిస్టర్ మొదలవడానికి కనీసం 10 రోజుల ముందు పూర్తయి ఉండాలి. పంటి పనులు ఇక్కడే చేయించుకోండి, విద్యార్థుల బీమాలలో పళ్లకు సాధారణంగా ఏమీ రాదు. కళ్లజోళ్లు రెండు జతలు తీసుకెళ్లండి. సూట్‌కేసులో పచ్చళ్లు సర్దాక చోటు మిగిలితే నేల మీద మచ్చ పడని అడుగున్న షూ ఒక జత పెట్టుకోండి, అవి లేకపోతే షటిల్ కోర్టు మీదికి రానివ్వరు. రాకెట్ మాత్రం మోయనక్కర్లేదు, ఐడీ కార్డు ఇస్తే అక్కడే ఇస్తారు.