కొరియా విద్యార్థులకు 'వేర్' నేర్పడం ఎలా?

ప్రశ్న: ఆన్‌లైన్‌లో నా దగ్గర ఇంగ్లీషు నేర్చుకుంటున్న కొరియా విద్యార్థులు 'వేర్' (wear, ధరించడం) అనే క్రియ దగ్గర తడబడుతున్నారు. వారికి ఎలా వివరించాలి?
— ఒక పాఠకురాలు, పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా

జవాబు: కొరియన్ భాషలో బట్టలకు 'ఇప్తా', చెప్పులకు 'సిన్తా', టోపీకి 'స్సుదా', ఉంగరానికి 'క్కిదా' అని వేర్వేరు క్రియలున్నాయి, మనమూ చీర కట్టుకుంటాం, చొక్కా తొడుక్కుంటాం, కళ్ళజోడు పెట్టుకుంటాం కనుక వారి ఇబ్బంది మీకు తేలికగానే అర్థమవుతుంది. ఇంగ్లీషులో వీటన్నిటికీ 'వేర్' సరిపోతుంది. అసలు చిక్కు మరొకటి ఉంది: కొరియన్‌లో 'ఇప్తా' నుంచి వచ్చే 'ఇప్కో ఇత్తా' అన్నప్పుడు బట్టలు వేసుకుంటూ ఉండటమూ కావచ్చు, వేసుకుని ఉండటమూ కావచ్చు. ఇంగ్లీషులో మొదటిదానికి 'పుట్ ఆన్', రెండోదానికి 'వేర్' వాడాలి. అద్దం ముందు చొక్కా గుండీలు పెట్టుకుంటున్న మనిషి బొమ్మనూ, అదే చొక్కాతో బజారుకు వెళ్తున్న బొమ్మనూ పక్కపక్కన చూపించి, వాక్యాలు వారిచేతనే చెప్పించండి.