మాట పరీక్ష మన మాటలోనే జరగాలి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా నాన్నగారి వయసు 63. ఇంగ్లీషు మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. 9 నెలల క్రితం పక్షవాతం వచ్చింది. కాలూచెయ్యీ చాలావరకు స్వాధీనంలోకి వచ్చాయి గానీ మాట తిరిగి రాలేదు. "అదీ… అదీ" అని ఆగిపోతారు. చిన్నప్పుడు నేర్చుకున్న పద్యం మొదలు అందిస్తే మాత్రం చివరిదాకా చదివేస్తారు. ఒక ఆసుపత్రిలో ఇంగ్లీషు బొమ్మల పుస్తకం చూపించి పరీక్ష చేశారు. 6 నెలలు దాటితే ఇక మాట రాదని బంధువులంటున్నారు. నిజమేనా? (ఒక పాఠకురాలు, తెనాలి)

జవాబు: నిజం కాదమ్మా. ఈ నమ్మకం వల్ల చికిత్స మానుకున్న కుటుంబాలు ఉన్నాయి కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

మనం "మాట పడిపోయింది" అనే ఈ స్థితిని వైద్యులు అఫేసియా అంటారు. నాలుక, పెదవులు బలహీనపడి మాట ముద్దగా రావడం వేరు. మాటను వెతికి, కూర్చి, పైకి తెచ్చే మెదడు భాగం దెబ్బతినడం వేరు. మీ నాన్నగారు పద్యాన్ని స్పష్టంగా చదువుతున్నారంటే ఇబ్బంది నాలుకది కాదనడానికి అదొక మంచి ఆధారం. తెలివి పోయిందనుకోవడం ఇంకా పెద్ద పొరపాటు. 1861లో పారిస్ వైద్యుడు పాల్ బ్రోకా, "టాన్" అనే ఒక్క శబ్దం తప్ప దాదాపు మరేమీ పలకలేని రోగిని పరీక్షించి, అతను మరణించాక మెదడు ఎడమవైపు ముందుభాగంలో గాయాన్ని చూపించాడు. ఆ రోగి ఎదుటివారు చెప్పింది చాలావరకు గ్రహించి సైగలతో జవాబిచ్చేవాడు. 1874లో జర్మన్ వైద్యుడు కార్ల్ వెర్నికె ఇందుకు విరుద్ధమైన రకాన్ని వర్ణించాడు: మాట ధారాళంగా వస్తుంది గానీ అర్థం పొసగదు, ఎదుటివారి మాట కూడా సరిగా అందదు. ఈ రెండు రకాల వారికీ ఒకే చికిత్స పనికిరాదు కాబట్టే, మొదట పరీక్ష సరిగా జరగడం ముఖ్యం.

మాట ఎంత ధారగా వస్తోంది, విన్నది ఎంత అర్థమవుతోంది, చెప్పినదాన్ని తిరిగి అనగలుగుతున్నారా, వస్తువుల పేర్లు చెప్పగలుగుతున్నారా అనే నాలుగు అంశాలను ప్రధానంగా చూసే వెస్టర్న్ అఫేసియా బ్యాటరీ అనే పరీక్ష ఎంతో కాలంగా వాడుకలో ఉంది. దానికి తెలుగు రూపం కూడా ఉంది. మీ నాన్నగారికి చేయవలసింది అటువంటి పరీక్షే గానీ ఇంగ్లీషు బొమ్మల పుస్తకం కాదు. అమెరికాలో తయారై ఎన్నో దేశాల్లో వాడే బోస్టన్ నేమింగ్ టెస్టులో 60 బొమ్మలుంటాయి. వాటిలో బీవర్ అనే జంతువు, ప్రెట్‌జెల్ అనే తినుబండారం, మంచుగడ్డలతో కట్టిన ఇగ్లూ ఉన్నాయి. తెనాలిలో జీవితమంతా గడిపిన మనిషి ఆ బొమ్మ చూసి మౌనంగా ఉంటే, మాట దొరకకపోయిందా, లేక ఆ వస్తువునే ఎన్నడూ చూడలేదా అనేది పరీక్షించేవారికి ఎలా తెలుస్తుంది? ఆ పుస్తకాన్ని ఉన్నదున్నట్టు తెలుగు చేసినా సరిపోదు. ఎవరు చేశారో, ఒకరా పలువురా అనేవన్నీ మన క్రియాపదం చివరే తెలుస్తాయి. "వచ్చాడు", "వచ్చింది", "వచ్చారు" అనేవాటిలో రోగి ఎక్కడ తడబడుతున్నాడో ఇంగ్లీషు వాక్యాల కోసం కట్టిన పరీక్ష పట్టుకోలేదు. బొమ్మ చూసి ఒకరు సొరకాయ అంటారు, మరొకరు ఆనపకాయ అంటారు. రెండూ ఒప్పేనని పరీక్షించేవారికి ముందే తెలిసి ఉండాలి. మీ నాన్నగారు ఇంగ్లీషు మాస్టారు కాబట్టి రెండు భాషల్లోనూ విడివిడిగా పరీక్షించమని అడగండి. రెండూ ఒకే మేరకు దెబ్బతినాలని లేదు. మన హైదరాబాదు నిమ్స్‌లో 608 మంది పక్షవాత రోగుల మీద జరిగి 2016లో వెలువడిన అధ్యయనంలో, జ్ఞాపకం, ఆలోచన మామూలుగా నిలిచినవారు ఒకే భాష తెలిసినవారిలో 19.6 శాతం ఉండగా, ఒకటికి మించి భాషలు తెలిసినవారిలో 40.5 శాతం ఉన్నారు. మాట పడిపోవడంలో మాత్రం రెండు వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు.

ఇక మీ అసలు ప్రశ్న. మొదటి కొన్ని నెలల్లో మెరుగుదల వేగంగా ఉంటుందన్నది నిజమే, కానీ ఆ తర్వాత తలుపు మూసుకుపోదు. జర్మనీలో పక్షవాతం వచ్చి 6 నెలలు దాటిన 150 మందికి పైగా రోగులను తీసుకొని, కొందరికి వెంటనే, కొందరికి కొంత ఆగి, వారానికి కనీసం 10 గంటల చొప్పున 3 వారాలు చికిత్స ఇచ్చి చూశారు. 2017లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, చికిత్స పొందినవారు రోజువారీ సంభాషణలో మెరుగుపడ్డారు. ఇంకా పొందనివారు ఎక్కడివారక్కడే ఉన్నారు. నేను ఇక్కడ నొక్కిచెప్పేది ఆ గంటల లెక్క. వారానికొకసారి అరగంట కూర్చోబెట్టి "లాభం లేదు" అని తేల్చడం రోగికి అన్యాయం. కంప్యూటరు అభ్యాసాలతో ఇంట్లోనే గంటలు పెంచుకోవచ్చు గానీ వాటి హద్దు కూడా తెలుసుకోండి: బ్రిటన్‌లో 278 మందితో జరిపి 2019లో ప్రకటించిన పరిశోధనలో, అలా సాధన చేసిన పదాలు బాగా గుర్తుకొచ్చాయి గానీ సంభాషణ మెరుగుపడలేదు. అందుకే నేర్చిన పదాన్ని ఆ రోజే ఇంటి మాటల్లో వాడించాలి. కాఫీ కావాలని తెలిసినా గ్లాసు వెంటనే అందించకండి, "కాఫీయా, మజ్జిగా?" అని అడిగి, జవాబు కోసం పది సెకన్లు ఓపికగా ఆగండి.

పద్యం సంగతి ఇంకొక మాట. కంఠస్థమైన పద్యాలు, వారాల పేర్లు, అంకెల వరస మనం అప్పటికప్పుడు కూర్చుకొనేవి కావు, ఒకే దండలా వస్తాయి. అందుకే అఫేసియాలోనూ తరచు మిగిలిపోతాయి. రాగం, తాళం ఆసరాగా మాట తెప్పించే మెలోడిక్ ఇంటొనేషన్ థెరపీని 1973లో బోస్టన్ పరిశోధకులు ప్రకటించారు. రోగి ఎడమచేతితో తాళం వేయిస్తూ, చిన్న వాక్యాలను రాగంలో అనిపించి, క్రమంగా రాగం తగ్గిస్తారు. సాధన చేసిన వాక్యాలు దీనివల్ల బాగా వస్తాయని, కొత్త వాక్యాలకు ఆ మేలు అంతగా పాకదని తర్వాతి పరీక్షలు చూపాయి. కాబట్టి "నీళ్ళు కావాలి", "బయటికి వెళ్దాం" వంటి రోజూ పనికొచ్చే మాటలనే ఎంచుకోమని మీ స్పీచ్ థెరపిస్టుకు చెప్పండి. పద్యాలు చదివించడం మాత్రం మానకండి. తన గొంతు తాను వినడం ఆయనకు ఎంత ధైర్యమో మీరు చూస్తూనే ఉంటారు.

ప్రశ్న: మా అబ్బాయికి 4 ఏళ్ళు. 8 నెలలుగా నత్తి వస్తోంది. "అ-అ-అమ్మా" అంటూ కళ్ళు గట్టిగా మూసుకుంటున్నాడు. పట్టించుకోకపోతే అదే పోతుందని కొందరు, గద్దించి సరిదిద్దాలని మా నాయనమ్మ అంటున్నారు. ఏం చేయాలి? (ఒక తండ్రి, నల్లగొండ)

జవాబు: గద్దించడం వద్దే వద్దు. ఈ వయసులో మొదలైన నత్తి చాలామంది పిల్లల్లో తనంతట తానే తగ్గుతుంది గనుక "అదే పోతుంది" అనేవారి మాటలో కొంత నిజం ఉంది. కానీ ఏ బిడ్డకు తగ్గుతుందో, ఏ బిడ్డకు నిలిచిపోతుందో ముందుగా కచ్చితంగా చెప్పలేము. మగపిల్లవాడు కావడం, దగ్గరి బంధువుల్లో నత్తి నిలిచిపోయినవారు ఉండడం అనుమానాన్ని పెంచే లక్షణాలు. కళ్ళు మూసుకుంటున్నాడంటే మాట ఆగుతున్నట్టు బిడ్డకే తెలిసి, దానితో పెనుగులాడుతున్నాడని అర్థం. మీరు ఇక వేచి చూడకుండా వెంటనే థెరపిస్టును కలవడం మంచిది.

బడికి వెళ్ళే వయసులోపు పిల్లలకు బలమైన ఆధారం ఉన్న చికిత్సల్లో ఒకటి ఆస్ట్రేలియాలోని సిడ్నీలో రూపొందిన లిడ్‌కోంబ్ పద్ధతి. ఇందులో చికిత్స చేసేది తల్లిదండ్రులే. థెరపిస్టు వారానికొకసారి చూసి నేర్పుతారు. రోజూ 10–15 నిమిషాలు బిడ్డతో ఆడుతూ, తడబడకుండా చెప్పినప్పుడు "ఎంత సాఫీగా చెప్పావు నాన్నా!" అని మెచ్చుకోవాలి. తడబాటును ఎప్పుడో ఒకసారి మాత్రమే, అదీ మెత్తగా ప్రస్తావించాలి. ఆ రోజు నత్తి ఎంత ఉందో రాత్రి ఒక అంకెతో రాసుకోవాలి. న్యూజిలాండ్‌లో 54 మంది పిల్లలతో జరిపి 2005లో ప్రచురించిన పరిశోధనలో, 9 నెలల తర్వాత చికిత్స పొందిన పిల్లల్లో నూరు అక్షరాలకు సగటున 1.5, మిగతావారిలో 3.9 చోట్ల నత్తి మిగిలింది. ఆ మిగతావారిలోనూ మొదటికంటే తగ్గిందని గమనించండి. ఆపాటి తగ్గుదల దానంతటదే వస్తుంది గనుకనే రెండు గుంపులను పోల్చి చూడవలసి వచ్చింది. అయితే ఈ మెచ్చుకోలు తప్పులు పట్టే పనిగా మారితే మేలు కంటే కీడే ఎక్కువ కాబట్టి, థెరపిస్టు దగ్గర నేర్చుకోకుండా మొదలుపెట్టకండి.

గద్దింపు సంగతి నాయనమ్మగారికి ఇలా చెప్పండి. 1939లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయం వారు 22 మంది అనాథ పిల్లల మీద ఒక ప్రయోగం చేసి, మామూలుగా మాట్లాడే కొందరు పిల్లలకు "నీకు నత్తి ఉంది" అని పదేపదే చెప్పారు. వారికి నత్తి పుట్టలేదు గానీ, మాట్లాడడానికే సిగ్గుపడి ముడుచుకుపోయారు. ఆ విశ్వవిద్యాలయం 2001లో క్షమాపణ చెప్పుకుంది.

ప్రశ్న: మేము డల్లాస్‌లో ఉంటాం. మా పాపకు 2 ఏళ్ళ 8 నెలలు. ఇరవై మాటలకు మించి రావడం లేదు. ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లీషే మాట్లాడమని ప్రీస్కూల్‌లో చెప్పారు. అమ్మమ్మ వస కొమ్ము పంపుతానంటోంది. (ఒక తల్లి)

జవాబు: తెలుగు మానకండి. రెండు భాషలు వినడం వల్ల భాషాలోపం పుడుతుందనడానికి ఆధారం లేదు. నిజంగా లోపం ఉంటే అది రెండు భాషల్లోనూ కనిపిస్తుంది. ఇంగ్లీషులో మాత్రమే వెనకబడితే ఆ భాష ఇంకా తక్కువ విన్నదని అర్థం. అందుకే "పాలు", "బాల్", "తాత" అన్నీ కలిపి రెండు భాషల మాటలనూ ఒకే జాబితాలో లెక్కపెట్టండి. 2 ఏళ్ళకు కనీసం 50 మాటలు, రెండేసి మాటలు కలిపి చెప్పడం రావాలి. ఆ లెక్కన పాప కలిపినా ఇరవై దగ్గరే ఉంటే ఆలస్యం నిజమే, మొదట వినికిడి పరీక్ష చేయించాలి. మీ టెక్సాస్‌లో ఎదుగుదల వెనకబడిన 3 ఏళ్ళలోపు పిల్లలకు ఈసీఐ (ఎర్లీ చైల్డ్‌హుడ్ ఇంటర్వెన్షన్) అనే కార్యక్రమం ఉంది. 3 నిండాక ఆ బాధ్యత స్కూల్ డిస్ట్రిక్ట్‌కు మారుతుంది గనుక ఈ వారమే దరఖాస్తు చేయండి. వీలైనంతవరకు బిడ్డ ఇంటి భాషలో పరీక్షించాలని అమెరికా చట్టమే చెబుతోంది. తెలుగు తెలిసిన దుబాసీ కావాలని దరఖాస్తులోనే రాయండి.

వస వల్ల మాట వస్తుందని రుజువు లేదు. గలగలా మాట్లాడేవారిని వసపిట్ట అని మనం ముద్దుగా పిలుచుకుంటాం గానీ, అమెరికాలో ఆ కొమ్మును ఆహారంలో వాడడాన్ని 1968లోనే నిషేధించారు. అమ్మమ్మను ఆ పొట్లం మాని, రోజూ వీడియో కాల్‌లో పాపకు ఒక కథ చెప్పమనండి.