సిరోసిస్ ఉన్నవారి సీటీలో ‘పేగు గోడ మందం’ అంటే క్యాన్సరేనా?

ప్రశ్న: మా నాన్నగారికి 56 ఏళ్లు. మద్యం అలవాటు వల్ల లివర్ సిరోసిస్ వచ్చింది. పొట్టలో నీరు కూడా ఉంది. ఈమధ్య తీయించిన సీటీ స్కాన్‌లో ‘అసెండింగ్ కోలన్ గోడ 8 మి.మీ. మందంగా ఉంది’ అని రాశారు. ఇది పెద్దపేగు క్యాన్సరా? కొలనోస్కోపీ (పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపి చూసే పరీక్ష) చేయించాలా?

జవాబు: మీరు రాసిన దాన్ని బట్టి క్యాన్సర్ కన్నా వాపుకే ఎక్కువ అవకాశం ఉంది. గట్టిపడిన లివర్ పేగుల నుంచి వచ్చే రక్తాన్ని తేలిగ్గా లోపలికి పోనివ్వదు. పేగుల రక్తాన్ని లివర్‌కు చేర్చే పోర్టల్ సిరలో ఒత్తిడి పెరిగి, రక్తం పేగు గోడలో నిలుస్తుంది. దీనికి తోడు లివర్ తయారుచేసే ఆల్బుమిన్ అనే ప్రొటీన్ రక్తంలో తగ్గడంతో రక్తనాళాల్లోంచి నీరు బయటికి ఊరుతుంది. కాళ్లకు నీరు పట్టినట్టే పేగు గోడకూ పడుతుంది. ఇది ఎక్కువగా చిన్నపేగు పైభాగంలోనూ, పెద్దపేగు కుడివైపునా (రిపోర్టులోని అసెండింగ్ కోలన్ ఇదే) కనిపిస్తుంది. ఎడమవైపు రక్తానికి మలద్వారం దగ్గరి సిరల గుండా మరో దారి ఉండటం వల్ల అక్కడ ఒత్తిడి తక్కువని భావిస్తారు.

రిపోర్టు మళ్లీ ఒకసారి తీసి చూడండి. సాగి ఉన్న పేగుకు 3 మి.మీ., ముడుచుకుని ఉంటే 5 మి.మీ. వరకు మామూలే. 8 అంటే ఎక్కువే, కానీ అంకె కన్నా మందం తీరు ముఖ్యం. నీరు పట్టిన గోడ పొడవునా, చుట్టూ ఒకేలా ఉబ్బుతుంది. అడ్డుకోత బొమ్మలో అది లోపలి, బయటి అంచులు తెల్లగా, మధ్య పొర బూడిద రంగులో ఉన్న ఉంగరంలా కనిపిస్తుంది. క్యాన్సరైతే సాధారణంగా కొద్ది పొడవులోనే, ఒక పక్కకు ఎక్కువగా ఉబ్బి దారిని ఇరుకు చేస్తుంది. ‘ఫోకల్’ (ఒకే చోట), ‘అసిమెట్రిక్’ (ఒక పక్కకు ఎక్కువగా), ‘మాస్’ (గడ్డ) అనే మాటలున్నా, మలంలో రక్తం పడుతున్నా, ఐరన్ తగ్గి రక్తహీనత ఉన్నా కొలనోస్కోపీ తప్పదు. మన దగ్గర రెండు పేగులు కలిసే చోట మందంతో పాటు లింఫ్ గ్రంథులు ఉబ్బి ఉంటే టీబీనీ అనుమానించాలి.

నాకు ఇంకాస్త ఆందోళన కలిగించేది పోర్టల్ సిరలోనో, పేగుల సిరలోనో రక్తం గడ్డ కట్టడం. రిపోర్టులో ‘థ్రాంబోసిస్’ అని ఉందేమో చూడండి. జ్వరం, పొట్ట నొప్పి, మత్తుగా ఉండటం వంటివి ఉంటే పొట్టలో నీటిని తీసి పరీక్షించాలి. అందులో న్యూట్రోఫిల్ అనే తెల్ల రక్తకణాలు క్యూబిక్ మిల్లీమీటరుకు 250 లేదా అంతకు మించితే ఇన్ఫెక్షన్‌గా భావించి వెంటనే యాంటీబయాటిక్ మొదలుపెడతాం. భరించలేని నొప్పి, రక్తపు వాంతి, తారులా నల్లటి విరేచనం ఏది వచ్చినా తెల్లారే దాకా ఆగకండి, ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

వాపే అని తేలితే పేగుకు వేరే మందు ఉండదు, లివర్‌కే వైద్యం. మద్యం పూర్తిగా మానాలి. ఉప్పు రోజుకు 5 గ్రాములు, అంటే ఒక టీస్పూనుకు మించకూడదు. ఊరగాయ, అప్పడం, వడియాల ఉప్పు కూడా ఆ లెక్కలోనే. నొప్పికి డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ అసలు వద్దు, కిడ్నీలు దెబ్బతింటాయి. కొలనోస్కోపీ అవసరమైతే ముందుగా ప్లేట్‌లెట్లు చూపించుకోండి. పేగు శుభ్రతకు ఫాస్ఫేట్ మందు కాకుండా పాలిఇథిలీన్ గ్లైకాల్ పొడి రాయమని అడగండి.