టానిక్ సంగతి తర్వాత.. ముందు బాబును చూపించండి

ప్రశ్న: మా బాబుకు 22 నెలలు. ఇంకా మాటలు రాలేదు. 15వ నెలలో 'అత్త', 'తాత' అనేవాడు, ఇప్పుడు అవీ మానేశాడు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడడు. పక్క గదిలో ఫోన్‌లో రైమ్స్ మోగితే మాత్రం పరుగెత్తుతాడు. బొమ్మ కారును తిరగేసి చక్రాలు తిప్పుతూ కూర్చుంటాడు. వాళ్ల నాన్నకూ మాటలు ఆలస్యమేనని, వస నూరి నాలుకకు రాయమని అత్తగారు అంటున్నారు. మంచి టానిక్ ఏదైనా చెప్పండి.
- ఒక సోదరి, ఖమ్మం

జవాబు: మాటలు తెప్పించే టానిక్ ఏదీ లేదమ్మా. వస కూడా వద్దు. దానివల్ల పసిపిల్లలకు విపరీతంగా వాంతులయ్యే ప్రమాదం ఉంది.

మీరు రాసినదాంట్లో నాకు ఆందోళన కలిగించింది 'అనేవాడు, ఇప్పుడు మానేశాడు' అన్న మాట. వచ్చిన మాటలు పోతే ఏ వయసులోనైనా వెంటనే డాక్టరుకు చూపించాల్సిందే. పేరుకు పలకకపోవడం, చక్రాలు తిప్పుతూ ఉండిపోవడం కూడా కలిపి చూస్తే ఆటిజం (ఇతరులతో కలవడం, మాట, ప్రవర్తన వేరుగా ఉండే ఎదుగుదల సమస్య) ఉందేమో పరీక్షించాలి. ఉందని నేను అనడం లేదు. బిడ్డను చూడకుండా ఏ డాక్టరూ ఆ మాట చెప్పకూడదు.

మాట ఒక్కటే ఆలస్యమైన పిల్లలు సైగలతో నెట్టుకొస్తారు. అన్నం తినిపిస్తూ "అదిగో చందమామ" అని వేలు చూపిస్తే అటు చూస్తారు, మళ్లీ మీ ముఖంలోకి చూసి నవ్వుతారు. కుక్క కనబడితే తామే వేలు చూపించి, మీరు చూశారా లేదా అని తిరిగి చూస్తారు. ఏడాది, ఏడాదిన్నర మధ్య ఇది వచ్చేయాలి. మీ బాబు ఇలా చేస్తున్నాడా? లేక ఏదైనా కావాలంటే మీ చెయ్యి పట్టుకుని ఫ్రిజ్ దాకా లాక్కెళ్లి, మీ వైపు చూడకుండా ఆ చేతినే తలుపు మీద పెడుతున్నాడా? డాక్టరుకు ముందు ఈ సంగతి చెప్పండి.

రైమ్స్ వినిపిస్తున్నాయి కదా, చెవులు బాగానే ఉన్నాయనుకోవద్దు. కొన్ని శబ్దాలే వినబడే పిల్లలూ ఉంటారు. వినికిడి పరీక్ష తప్పనిసరి. ఫోన్ ఈ రోజే ఆపేయండి. ఆటిజానికి ఫోనే కారణమని కాదు, ఈ వయసులో మనుషులతో గడపాల్సిన సమయాన్ని అది తినేస్తుంది. టీకాల వల్ల ఆటిజం వస్తుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు, మిగిలిన టీకాలు మానవద్దు.

ఇక 'నాన్నకూ ఆలస్యమే' అన్న మాట. పెద్దవాళ్లు ప్రేమతోనే అంటారు, కాదనను. కానీ ఈ ఒక్క మాట విని ఆగిపోయి, ఐదేళ్లు నిండాక స్కూల్ వాళ్లు పంపిస్తే నా దగ్గరికి వచ్చిన తల్లులు ఎంతోమంది. "అప్పుడే తెచ్చి ఉంటే" అని వాళ్లు ఏడుస్తుంటే నా దగ్గర సమాధానం ఉండదు. మొదటి మూడేళ్లలో మెదడు చాలా వేగంగా నేర్చుకుంటుంది. మాట, ఆట నేర్పే థెరపీ అప్పుడు మొదలైతే ఎక్కువ ఉపయోగం. పైగా థెరపీ మొదలుపెట్టడానికి ఆటిజం అని తేలేదాకా ఆగనక్కర్లేదు. మీరు ఇప్పటికే కొన్ని నెలలు పోగొట్టారు, ఇక ఒక్క వారం కూడా వద్దు.

పిల్లల డాక్టరును గానీ, పిల్లల ఎదుగుదల సమస్యలు చూసే డెవలప్‌మెంటల్ పీడియాట్రీషియన్‌ను గానీ కలవండి. ఖర్చు ఇబ్బందైతే మీ జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలో డీఈఐసీ (పిల్లల ఎదుగుదల లోపాలను త్వరగా గుర్తించి చికిత్స చేసే కేంద్రం) ఎక్కడని అడగండి, అక్కడ ఉచితంగా చూస్తారు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని ఎన్‌ఐఈపీఐడీ అనే, మేధో ఎదుగుదల లోపాలున్నవారికి సేవలందించే కేంద్ర ప్రభుత్వ సంస్థ కూడా ఉంది. స్టెమ్ సెల్స్‌తో నయం చేస్తామనే ప్రకటనలకు మాత్రం డబ్బు పోయకండి, దానికి తగిన ఆధారాలు లేవు.

వెళ్లేటప్పుడు బాబు ఇంట్లో ఆడుకుంటుండగా, మీరు పేరు పెట్టి పిలుస్తుండగా రెండు మూడు నిమిషాల వీడియో తీసుకెళ్లండి. ఆసుపత్రికి రాగానే పిల్లలు ఏడుపు మొదలుపెడతారు, అసలు తీరు మాకు కనబడదు.