బద్దె పురుగులు కనిపించాయని మందు రెట్టింపు చేయకండి

ప్రశ్న: మాకు 40 తల్లి గొర్రెలు, 25 పిల్లలు ఉన్నాయి. పెన్‌గంగ ఒడ్డున మేపుతాం. మూడు నాలుగు నెలల పిల్లల పెంటికల్లో బియ్యపు గింజల్లాంటి తెల్లటి పురుగులు పడుతున్నాయి. కొన్ని పిల్లలు పలచగా పారుతున్నాయి. నాలుగైదు తల్లి గొర్రెలకు దవడ కింద వాపు వచ్చింది, రెండు చనిపోయాయి. మందుల దుకాణంలో చెబితే ముందు ఐవర్‌మెక్టిన్ సూది వేయించాను. తర్వాత ఆల్బెండజోల్ 2.5 శాతం మందు అన్నింటికీ 5 మి.లీ. చొప్పున పది రోజుల తేడాతో రెండుసార్లు తాపాను. పురుగులు ఆగి, నెలన్నరకు మళ్లీ పడుతున్నాయి. ఇప్పుడు క్లోసాంటెల్ డబుల్ డోసు ఇమ్మంటున్నారు. ఇవ్వొచ్చా?
– ఒక రైతు, జైనథ్ మండలం, ఆదిలాబాద్ జిల్లా

జవాబు: ఇవ్వొద్దు. పిల్లల పెంటికల్లో పడుతున్న ఆ తెల్లటివి బద్దె పురుగుల (టేప్‌వార్మ్) ముక్కలు. క్లోసాంటెల్ వాటి మీద పనిచేయదు. పైగా దాని డోసు కిలో బరువుకు 10 మి.గ్రా. మాత్రమే. రెట్టింపు తాపితే కంటి నరాలు దెబ్బతిని గొర్రెలు గుడ్డివయ్యే ప్రమాదం ఉంది. పోయిన చూపు తిరిగి రాదు.

మీ తల్లి గొర్రెలను చంపింది బద్దె పురుగులు కావు. అవి రక్తం పీల్చవు, పెద్ద జీవాలను పెద్దగా బాధించవు. దవడ కింద నీరు చేరిందంటే ఒంట్లో రక్తం, అందులోని ప్రొటీను తగ్గాయన్నమాట. అది పొట్టలో రక్తం పీల్చే సన్న పురుగుల వల్ల కావచ్చు, ఏటి మడుగుల్లో నత్తల ద్వారా వచ్చే కార్జపు జలగల వల్ల కావచ్చు. కింది కనురెప్ప తిప్పి చూడండి. ఎర్రగా ఉంటే ఫర్వాలేదు, తెల్లగా పాలిపోతే ఆలస్యం చేయొద్దు. మీరు వేయించిన ఐవర్‌మెక్టిన్ బద్దె పురుగుల మీదా, జలగల మీదా పనిచేయదు.

అసలు తప్పు ఆ 5 మి.లీ. దగ్గర జరిగింది. 2.5 శాతం ఆల్బెండజోల్‌లో మి.లీ.కు 25 మి.గ్రా. మందు ఉంటుంది. బద్దె పురుగులకు కిలోకు 10 మి.గ్రా. కావాలి, అంటే 10 కిలోల పిల్లకు 4 మి.లీ., 15 కిలోలకు 6 మి.లీ. 30 కిలోల తల్లికి 12 మి.లీ. పడాలి. మీరు ఇచ్చింది అందులో సగం కూడా కాదు. చాలీచాలని మందు పదేపదే పడితే తట్టుకున్న పురుగులే మిగిలి మందకంతా పాకుతాయి. అదే మందు 10 శాతం సీసాలో కూడా దొరుకుతుంది. దాన్ని 2.5 శాతం లెక్కన తాపితే నాలుగు రెట్లు పోసినట్టే. సీసా మీద శాతం చదవనిదే మూత తీయొద్దు.

పిల్లలకు మందు దాదాపు సరిపోయింది. నెలన్నర తర్వాత మళ్లీ పడుతున్నాయంటే అవి గడ్డిలోని సూక్ష్మమైన నల్లుల ద్వారా కొత్తగా వచ్చినవే. మందు తాపిన పది రోజుల్లోనే కనిపిస్తే అప్పుడు డోసును, మందును అనుమానించాలి. ఇప్పుడు చేయాల్సింది, పిల్లలను వేలాడే కాటా మీద తూచి ఆల్బెండజోల్ ఒక్కసారి తాపడం. అయినా ఆగకపోతే డాక్టరు సలహాతో కిలోకు 5 మి.గ్రా. ప్రాజిక్వాంటెల్. అన్నింటినీ తూచలేకపోతే ఒకే వయసు వాటిలో బరువైనదాన్ని తూచి, ఆ గుంపుకు ఆ లెక్కన ఇవ్వండి. కంటిచూపు అంచనా వద్దు.

సీసా బాగా ఊపండి, మందు అడుగున పేరుకుంటుంది. సూది తీసిన సిరంజిని నోటి పక్క నుంచి పెట్టి, నాలుక వెనక భాగం మీద నెమ్మదిగా వదలండి. తల పైకెత్తి పట్టుకుంటే మందు ఊపిరితిత్తుల్లోకి పోయి జీవం చస్తుంది. చూలు కట్టి మొదటి నెలన్నరలో ఉన్న గొర్రెలకు ఆల్బెండజోల్ తాపొద్దు, పిండం దెబ్బతింటుంది. వాటికి ఫెన్‌బెండజోల్ వాడాలి. మందు తాపాక కనీసం 14 రోజులు కోతకు అమ్మొద్దు. లేబుల్ మీద అంతకన్నా ఎక్కువ రాసి ఉంటే అన్ని రోజులూ ఆగాలి.

తల్లులకు మాత్రం పరీక్ష చేయించకుండా ఇంకో చుక్క తాపకండి. తల్లులవి ఎనిమిది పది, పిల్లలవి ఎనిమిది పది జీవాల నుంచి తాజా పెంటికలు తీసి, విడివిడిగా ప్లాస్టిక్ సంచుల్లో గాలి లేకుండా కట్టి, చల్లగా ఉంచి అదే రోజు పశువుల ఆసుపత్రికి చేర్చండి. కనురెప్పలు తెల్లబడిన వాటి కోసం సంచార పశువైద్య సేవల నంబరు 1962కు ఫోన్ చేయండి. ఏ పురుగు గుడ్లున్నాయో తేలాకే తల్లులకు మందు. పారుతున్న పిల్లల్లో కాక్సిడియా (పేగుల్లో పెరిగే సూక్ష్మజీవి) ఉండొచ్చు, దానికి నట్టల మందు ఏదీ పనిచేయదు. ఇంత నష్టం జరిగాక కూడా దుకాణదారుడి మాట మీద మూడో మందు కొంటారా? ఆయన మీ గొర్రె కనురెప్ప చూడలేదు, పెంటిక చూడలేదు. ఇప్పటిదాకా మందులకు పెట్టిన డబ్బులో కొంత పెట్టి కాటా కొన్నా సరిపోయేది. మందు తాపిన 10–14 రోజులకు మళ్లీ పెంటికలు పరీక్ష చేయిస్తే పనిచేసిందో లేదో తెలుస్తుంది.

ఉదయం మంచు ఆరాకే మేతకు వదలండి. మడుగుల అంచున మేపడం, తాగించడం మానేయండి. మహారాష్ట్ర వైపు సంతల నుంచి తెచ్చిన జీవాలను మూడు వారాలు వేరుగా కట్టాలి.

ఈ బద్దె పురుగు మనుషులకు రాదు. మంద కుక్కలోని బద్దె పురుగులు వేరు. వాటి వల్ల గొర్రె మెదడులో నీటి తిత్తులు వస్తాయి, ఇంకో రకం మనుషుల కాలేయంలో గడ్డలు పెడుతుంది. కుక్కకు మూడు నెలలకోసారి 10 కిలోలకు 50 మి.గ్రా. చొప్పున ప్రాజిక్వాంటెల్ మాత్ర వేయండి. చచ్చిన గొర్రె తల, పేగులు, కార్జం కుక్కలకు వేయకుండా లోతుగా పాతిపెట్టండి.