సిగ్నల్ దగ్గర ఆగిపోతున్న బండి: థ్రాటిల్ బాడీ శుభ్రం చేసే పద్ధతి

అన్నా, హన్మకొండ చౌరస్తాలో ఆగగానే ఆర్‌పీఎం (ఇంజిన్ తిరిగే వేగం) ఊగి మీ పెట్రోల్ బండి బందవుతోందని, థ్రాటిల్ బాడీలో, అంటే ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని అదుపు చేసే భాగంలో, కార్బ్యురేటర్ క్లీనర్ కొట్టొచ్చా అని అడిగారు. అది మాత్రం వద్దు. కొన్ని థ్రాటిల్ బాడీల లోపల సన్నని పూత ఉంటుంది, ఘాటు రసాయనానికి లేచిపోతుంది. డబ్బా మీద థ్రాటిల్ బాడీ క్లీనర్ అని రాసి ఉన్నదే కొనండి.

ఇంజిన్ చల్లారాక, ఆరుబయట, బ్యాటరీ నెగటివ్ వైరు తీసి మొదలుపెట్టండి. దగ్గర్లో మంట ఉండకూడదు. గాలి పైపు విప్పితే గుండ్రటి రేకు కనిపిస్తుంది. దాని అంచు చుట్టూ నల్లటి జిగట మసి ఉంగరంలా పట్టి ఉంటుంది. ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ నడిచేటప్పుడు, గాలి వెళ్లే సన్నటి సందు అక్కడే మూసుకుపోతుంది. క్లీనర్‌ను గుడ్డ మీద కొట్టి తుడవండి, మూలలకు మెత్తటి టూత్‌బ్రష్ చాలు. ఎలక్ట్రానిక్ థ్రాటిల్ (కేబుల్ లేకుండా మోటార్‌తో తిరిగేది) అయితే రేకును వేలితో బలంగా నెట్టొద్దు, లోపలి గేర్లు దెబ్బతింటాయి. ఈ ఒక్కటీ మరీ మరీ చెబుతున్నా.

గాలిని కొలిచే సెన్సర్ మీద ఈ స్ప్రే పడనివ్వొద్దు, దానికి వేరే క్లీనర్ ఉంటుంది.

ఎయిర్ ఫిల్టర్ కూడా చూడండి. కరీంనగర్ రోడ్డులో గ్రానైట్ లారీల వెనక తిరిగే బండికి కంపెనీ చెప్పిన గడువు కన్నా ముందే నిండిపోతుంది. పెట్టె అడుగున దుమ్మును తడిగుడ్డతో తీసి, పైపు క్లిప్పులు గట్టిగా బిగించండి.

మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు కాస్త తడబడితే టెన్షన్ పడకండి, కొన్ని నిమిషాలు ఐడిల్‌లో ఉంచండి. అయినా ఆర్‌పీఎం ఎక్కువగానే ఉండి దిగకపోతే, స్కానర్ ఉన్న మెకానిక్‌తో ఐడిల్ రీసెట్ చేయించండి.