మా ఊళ్లో వికలాంగుల కోసం చిన్న సంస్థ పెట్టాలనుకుంటున్నాం. ఎలా మొదలుపెట్టాలి?

మీరు నలుగురు స్నేహితులు. చేతిలో 40,000 రూపాయలు ఉన్నాయి. డిసెంబరు 3న, వికలాంగుల దినోత్సవం నాడు, చక్రాల కుర్చీలు పంచి సంస్థ మొదలుపెడదామని మీ ఆలోచన. ఆ తర్వాత ఊళ్లో పని చేయాలా, ఆన్‌లైన్‌లో చేయాలా అని అడిగారు. మీలో ఒకరు అమెరికాలో ఉన్నారు కాబట్టి అక్కడి డబ్బు తీసుకోవచ్చా అని కూడా అడిగారు. నాకు తెలిసినంతవరకు చెప్తాను.

నాకు చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమ కాలు పడిపోయింది. కాలికి ఊతమిచ్చే చట్రం, అంటే కాలిపర్, వేసుకుని నడుస్తాను. తెనాలిలో చిన్న డీటీపీ, జిరాక్స్ షాపు నడుపుతున్నాను. తొమ్మిదేళ్లుగా ఏడుగురం కలిసి ఒక సొసైటీ నడుపుతున్నాం. మా ఆఫీసు నా షాపు వెనక గదే.

మీరు ఏమీ అనుకోనంటే ముందు ఒక మాట. ఆ కుర్చీల పంపిణీ పెట్టుకోకండి. మొదటి ఏడాది మేమూ అదే చేశాం. ఒక దాత డబ్బిచ్చారు, అన్నీ ఒకే సైజు కుర్చీలు కొన్నాం, షామియానా వేశాం, ఫొటోలు తీసుకున్నాం. వాటిలో ఒకటి సెరిబ్రల్ పాల్సీ (మెదడులో లోపం వల్ల ఒంటి మీద పట్టు లేకపోవడం) ఉన్న తొమ్మిదేళ్ల బాబుకి ఇచ్చాం. రెండు నెలల తర్వాత ఆ దారిన పోతూ వాళ్లింటికి వెళ్లాను. కుర్చీ వరండాలో ఉంది, దుమ్ము లేకుండా తుడిచిపెట్టి ఉంది. బాబు మాత్రం లోపల చాప మీద ఉన్నాడు. వాళ్లమ్మ అంది కదా, "వాడు ఇందులో కూర్చోలేడమ్మా, జారిపోతాడు. తల కూడా నిలవదు. చెప్తే మీరు బాధపడతారని చెప్పలేదు." పైగా ఆ కుర్చీ వాళ్ల గది గుమ్మంలో పట్టనే పట్టదు. కొనే ముందు ఆ గుమ్మం ఎంత వెడల్పుందో చూడాలన్న ఆలోచన మా ఏడుగురిలో ఒక్కరికీ రాలేదు. ఆ రోజు ఇంటికొచ్చాక నాకు అన్నం సహించలేదు.

ఇప్పుడు ఎవరైనా కుర్చీ అడిగితే ముందు టేపు తీసుకుని ఇంటికి వెళ్తాం. మనిషి తుంటి వెడల్పు, గుమ్మం వెడల్పు, బాత్రూమ్ ఇంట్లో ఉందా పెరట్లో ఉందా, మధ్యలో ఎన్ని మెట్లున్నాయి, కుర్చీ నెట్టేది ఎవరు, ఇవన్నీ రాసుకుంటాం. పిల్లలకైతే ఫిజియోథెరపిస్టుకి చూపించకుండా ఏదీ కొనం. కొన్నిసార్లు అక్కడ కావాల్సింది చక్రాల కుర్చీ కాదని తేలుతుంది. కమోడ్ కుర్చీయో, మంచం పక్కన గోడకి ఒక పట్టుకమ్మీయో చాలు. వాలు విషయం కూడా చెప్పాలి. మెట్టు ఒక అంగుళం ఎత్తుంటే వాలు ఒక అడుగు పొడవుండాలి, అంటే 6 అంగుళాల మెట్టుకి 6 అడుగులు. మన ఊళ్లలో చాలాచోట్ల రెండడుగుల ఇనుప రేకు వేసి ర్యాంప్ అంటారు. దాని మీద కుర్చీ వెనక్కి తిరగబడుతుంది. మీ ఊళ్లో ఎవరైనా ర్యాంప్ కడతామంటే ఈ ఒక్క లెక్క గుర్తుంచుకోండి.

కేంద్ర ప్రభుత్వం అడిప్ అనే పథకం కింద 1981 నుంచి ఉపకరణాలు ఇస్తోంది. చాలావరకు కాన్పూర్‌లోని అలిమ్కో అనే ప్రభుత్వ సంస్థ తయారుచేసినవే వస్తాయి. క్యాంపు పెట్టి మనిషిని చూసి కొలతలు తీసుకుంటారు. ఆ క్యాంపు ఎప్పుడో మారుమూల ఇంట్లో ఉన్నవాళ్లకి తెలియదు, తెలిసినా కాగితాలు ఉండవు, ఉన్నా తీసుకెళ్లే మనిషి ఉండడు. చిన్న సంస్థ చేయగలిగిన పని ఇక్కడుంది. కొనిపెట్టడం కన్నా తోడు వెళ్లడం.

వైకల్యం ఎంత శాతమో డాక్టర్లు చూసి ఇచ్చే సదరం సర్టిఫికెట్ సంగతే తీసుకోండి. వికలాంగుల హక్కుల 2016 చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. అంతకుముందు 1995 చట్టంలో ఉన్నవి 7. అయినా 40 శాతం అని సర్టిఫికెట్ చేతికి వస్తేనే పింఛను గానీ రిజర్వేషన్ గానీ. ఆంధ్రప్రదేశ్‌లో వికలాంగుల పింఛను 2024లో 6,000 రూపాయలైంది, తెలంగాణలో 2023లో 4,016 అయింది. కూలికి వెళ్లే ఇంట్లో ఆ డబ్బు ఎంత ఆసరానో మీకు నేను చెప్పక్కర్లేదు. కానీ ఆ సర్టిఫికెట్ కోసం స్లాట్ బుక్ చేయించుకోవాలి, ఆ రోజు కూలి వదులుకుని రావాలి, ఎముకల డాక్టరు ఎక్కడ, చెవి డాక్టరు ఎక్కడ అని తిరగాలి, పాత రిపోర్టులు వెంట ఉండాలి. టాయిలెట్‌కి వెళ్లాల్సి వస్తుందేమోనని పొద్దున్నుంచి చుక్క నీళ్లు తాగకుండా వచ్చిన ఆడవాళ్లను చూశాను. మా సొసైటీలో ఇద్దరు ఈ పని మీదే ఉంటారు. ముందు రోజు కాగితాలు సరిచూస్తారు, ఆటో మాట్లాడతారు, లైన్‌లో పక్కన నిలబడతారు. ఆటో ఖర్చు, టిఫిన్ ఖర్చు తప్ప డబ్బు పెద్దగా పట్టదు. మేం చేసిన పనుల్లో జనానికి ఎక్కువ ఉపయోగపడింది ఇదే.

బుద్ధిమాంద్యం, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బహుళ వైకల్యం ఉన్న పిల్లల తల్లిదండ్రులు కనిపిస్తే నిరామయ గురించి చెప్పండి. కేంద్ర ప్రభుత్వ నేషనల్ ట్రస్ట్ వాళ్ల ఆరోగ్య బీమా అది, లక్ష రూపాయల వరకు వర్తిస్తుంది. థెరపీలకి కూడా ఉపయోగపడుతుంది. దీని పేరే వినని తల్లులు నాకు ఇప్పటికీ తగులుతుంటారు.

ఇక ఆన్‌లైన్ సంగతి. మేమేదో ప్లాన్ వేసుకుని అటు వెళ్లలేదు. నా షాపుకొచ్చిన ఒక అబ్బాయి వల్ల జరిగింది. అతనికి చూపు లేదు, డిగ్రీ చదువుతున్నాడు. ఒక లెక్చరర్ నోట్స్ నేనే టైప్ చేశానని తెలిసి సాఫ్ట్ కాపీ అడిగాడు. ఇచ్చాను. మర్నాడు వచ్చి, "అక్కా, నీ ఫైలు నా ఫోన్‌కి అర్థం కావట్లేదు, ఏవో ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు చదువుతోంది" అన్నాడు. ఫోన్ నా చెవి దగ్గర పెట్టాడు. నిజమే. నేను పదిహేనేళ్లుగా టైప్ చేస్తున్నది అను ఫాంట్లలో. కంటికి అది తెలుగు. కానీ లోపల కంప్యూటర్ దాచుకున్నది తెలుగు అక్షరాలను కాదు, వేరే గుర్తులను. అచ్చు వేస్తే అందంగా వస్తుంది, చదివి వినిపించమంటే ఒక్క ముక్కా రాదు. యూనికోడ్‌లో, అంటే ఏ కంప్యూటరైనా తెలుగు అక్షరంగానే గుర్తించే పద్ధతిలో, ఉంటేనే ఫోన్‌లోని టాక్‌బ్యాక్ గానీ, కంప్యూటర్‌లోని ఎన్‌వీడీఏ గానీ తెలుగుగా చదువుతుంది. ఎన్‌వీడీఏ ఉచితం, ఆస్ట్రేలియాలో చూపులేని ఇద్దరు స్నేహితులు మొదలుపెట్టిన ప్రోగ్రామ్. నేను ఇన్నేళ్లు టైప్ చేసిన వేల పేజీల్లో ఒక్కటి కూడా ఆ అబ్బాయికి పనికిరాదని తెలిసినప్పుడు చాలా బాధేసింది.

అప్పుడు మొదలుపెట్టాం. నా దగ్గరున్న ఫైళ్లు కన్వర్టర్‌లో వేసి యూనికోడ్‌లోకి మార్చాను. ఒత్తులు, సున్నాలు అక్కడక్కడా తప్పు పడతాయి, మనిషి కూర్చుని దిద్దాల్సిందే. నా ఒక్కదాని వల్ల కాదు కాబట్టి వాట్సాప్ గ్రూప్ పెట్టాం. హైదరాబాద్‌లో, బెంగళూరులో ఉద్యోగాలు చేసే తెలుగువాళ్లు, పిల్లలు స్కూలుకి వెళ్లాక రెండు గంటలు ఖాళీ ఉండే గృహిణులు, ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు చేరారు. తలా పది పేజీలు పంచుకుంటాం. చివరి పరీక్ష మాత్రం చూపులేనివాళ్లే చేస్తారు. ఫోన్‌తో విని, ఎక్కడ తడబడిందో చెప్తారు. ఈ పద్ధతి లేనప్పుడు మేం బాగుందనుకుని పంపిన ఫైళ్లలో హెడ్డింగ్ ఏదో, పేరా ఏదో తెలియక వాళ్లు నానా తంటాలు పడ్డారు.

కాపీరైట్ అని భయపడకండి. 2012 సవరణతో మన కాపీరైట్ చట్టంలోనే వీలు కల్పించారు. వికలాంగుల కోసం పనిచేసే సంస్థ, లాభాపేక్ష లేకుండా, మామూలు రూపంలో చదవలేనివాళ్ల కోసం పుస్తకాన్ని మార్చి ఇవ్వొచ్చు. వాళ్లకే ఇవ్వాలి, ఊరందరికీ పెట్టకూడదు. ఈ విషయమై చేసుకున్న మరకేష్ అంతర్జాతీయ ఒప్పందాన్ని అందరికన్నా ముందు, 2014లో, ఆమోదించింది మన దేశమే. 2016లో వచ్చిన సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ లైబ్రరీ కూడా ఉంది. తెలుగులో ఇంకా ఎంతో పని మిగిలి ఉంది, చేతులే చాలవు.

అందుకే ఊళ్లోనా, ఆన్‌లైన్‌లోనా అన్న మీ ప్రశ్నకి నా దగ్గర ఒకటే జవాబు. రెండూ ఒకే పనికి రెండు కొసలు. స్క్రైబ్ విషయం చూడండి. చూపులేని విద్యార్థికి పరీక్ష రాసిపెట్టే మనిషి కావాలి. 2018 మార్గదర్శకాల్లో, అభ్యర్థి తనే స్క్రైబ్‌ని తెచ్చుకుంటే ఆ స్క్రైబ్ చదువు అభ్యర్థి కన్నా ఒక మెట్టు తక్కువుండాలని, గంటకి కనీసం 20 నిమిషాలు అదనపు సమయం ఇవ్వాలని ఉండేది. పరీక్ష గుంటూరులో ఉంటుంది, రాసే అమ్మాయి గుంటూరులోనే దొరకాలి. కానీ ఆమెను వెతికేది గ్రూపులో. ఎక్కడో బెంగళూరులో ఉన్నాయన తన మేనకోడలిని అడుగుతాడు, ఆ పిల్ల తన క్లాస్‌మేట్‌ని అడుగుతుంది. ఒకసారి పరీక్ష రోజు పొద్దున ఏడింటికి స్క్రైబ్‌కి జ్వరమని ఫోన్ వచ్చింది. ఆ టెన్షన్ మళ్లీ పడకూడదని అప్పటినుంచి ప్రతి పరీక్షకి ఇద్దరిని సిద్ధంగా ఉంచుతున్నాం. రెండు రోజుల ముందు ఇద్దరినీ కూర్చోబెట్టి ఒక పాత పేపరు రాయిస్తాం. ప్రశ్న ఉన్నదున్నట్టు చదవాలి, పేర్ల స్పెల్లింగ్ అడగాలి, సొంత తెలివి కలపకూడదు. ఇది అలవాటు కావడానికి ఒక పేపరైనా పడుతుంది.

రిజిస్ట్రేషన్ గురించి. సొసైటీకి 2001 చట్టం ప్రకారం కనీసం ఏడుగురు కావాలి, కాబట్టి మీరింకా ముగ్గురిని వెతుక్కోవాలి. ఆ ముగ్గురూ వికలాంగులో, వాళ్ల ఇంటివాళ్లో అయితే బాగుంటుంది. గౌరవ సభ్యులుగా కాదు, చెక్కు మీద సంతకం పెట్టేవాళ్లుగా. మా బ్యాంకు ఖాతాకి ఇద్దరి సంతకాలు కావాలి, అందులో ఒకటి చూపులేని మా కోశాధికారిది. ఆన్‌లైన్ లెక్కలన్నీ తన ఫోన్‌లో వింటూ సరిచూస్తుంది. దాతలకి పన్ను మినహాయింపు కోసం 80జీ అంటారే, అది మొదట్లోనే కావాలని కంగారు పడకండి. వసతిగృహం, ప్రత్యేక పాఠశాల లాంటివి నడపాలనుకుంటే మాత్రం 2016 చట్టం కింద విడిగా రిజిస్ట్రేషన్ ఉండాలి. అది లేకుండా ఒక్క పిల్లాడినీ చేర్చుకోవద్దు.

అమెరికా డబ్బు జాగ్రత్త. మీ స్నేహితుడికి ఇంకా భారత పాస్‌పోర్టే ఉంటే తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపొచ్చు, అది విదేశీ విరాళం కిందకి రాదు. అక్కడి పౌరసత్వం తీసుకుని ఉంటే, భారత సంతతి వాళ్లకిచ్చే ఓసీఐ కార్డున్నా సరే, విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి లేకుండా ఒక్క డాలరూ తీసుకోకూడదు. ఆ అనుమతికి మామూలుగా మూడేళ్లు పనిచేసి ఉండాలి, ఆ మూడేళ్లలో 15 లక్షలు ఖర్చు చేసి ఉండాలి. మాలాంటి చిన్నవాళ్లకి అది దూరపు మాటే. మాకూ ఇలాంటి ఇబ్బంది ఒకటి వచ్చింది. మా సభ్యురాలి అన్నయ్య డబ్బు పంపుతానంటే వద్దన్నాం, దానికి బదులు వారానికి పది పేజీలు దిద్దిపెట్టమన్నాం. నాలుగేళ్లుగా దిద్దుతున్నాడు.

సాయం కావాలని ఆన్‌లైన్‌లో పోస్టు పెట్టేటప్పుడు మేం ముఖం చూపించం. అవసరం ఏమిటో, ఎంతవుతుందో, బిల్లు ఎవరికి కడతామో రాస్తాం, డబ్బు నేరుగా షాపుకో ఆస్పత్రికో వెళ్తుంది. ఫొటో లేకపోతే డబ్బు తక్కువ వస్తుంది, అది నిజం. కానీ నాకు పన్నెండేళ్లప్పుడు ఎవరో కాలిపర్ ఇస్తూ నన్ను స్టేజీ మీద నిలబెట్టి, గౌను కాస్త పైకి పట్టుకోమని ఫొటో తీయించారు. ఆ ఫొటో ఎక్కడుందో తెలియదు, ఎవరి దగ్గరైనా ఉందేమోనని ఇప్పటికీ అనిపిస్తుంది. అందుకే ఈ విషయంలో మా వాళ్లెవరితోనూ రాజీ పడను.

పేరు గురించి కూడా అడిగారు. వికలాంగులా, దివ్యాంగులా, విభిన్న ప్రతిభావంతులా అని. నాకు వికలాంగురాలు అంటే ఇబ్బంది లేదు. మా గ్రూపులో కొందరికి దివ్యాంగులు అంటేనే ఇష్టం. మీ ఊళ్లో వాళ్లని అడిగి పెట్టండి.

ఆ 40,000తో నేనైతే ఏం చేస్తానో చెప్తాను. 15,000 పెట్టి రెండు మంచి చక్రాల కుర్చీలు, ఒక వాకర్, ఒక కమోడ్ కుర్చీ, ఒక గాలి పరుపు కొంటాను. వాటిని సొంతానికి ఇవ్వను, వాడుకుని తిరిగివ్వమని ఇస్తాను. కాలు విరిగినవాళ్లకి, ఆపరేషన్ అయినవాళ్లకి రెండు నెలలే కావాలి, తర్వాత ఇంకొకరికి వెళ్తుంది. ఒక రిజిస్టరు పెట్టి తీసుకున్న తేదీ, తిరిగిచ్చిన తేదీ రాయండి. ఎనిమిది వేలు సొసైటీ కాగితాలకి పక్కన పెట్టండి. మిగిలింది మొత్తం ఆటో డబ్బులకి ఉంచండి, ఏడాది పొడవునా పనికొస్తుంది. డిసెంబరు 3న షామియానా బదులు మీ నలుగురూ నాలుగు వీధులు తీసుకుని ఇంటింటికీ తిరగండి. ఎవరికి సదరం లేదు, ఎవరి కుర్చీ చక్రం విరిగింది, ఏ పిల్ల బడి మానేసింది అని రాసుకోండి. టైపింగ్ గానీ, యూనికోడ్ గానీ, స్క్రైబ్ గానీ అవసరమైతే ఇక్కడే కింద రాయండి. రాత్రి షాపు కట్టేశాక రోజూ చూస్తుంటాను.